మడమ వెనుక నొప్పి ఉన్నప్పుడు పరుగును ఎలా కాపాడుకోవాలి

పొద్దున్న మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ వెనుక బిగదీసినట్టుండి, ముఖం కడుక్కునే వేళకు సర్దుకుని, పరుగు మొదలుపెట్టగానే మళ్లీ లాగి, ఒళ్లు వేడెక్కాక మాయమై, మర్నాటికి ఇంకాస్త ఎక్కువగా తిరిగివచ్చే నొప్పి చాలావరకు అకిలిస్ టెండన్‌కు సంబంధించినదే. పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే ఈ పట్టీ ఒంట్లోని టెండన్లన్నింటిలోకీ లావైనది, బలమైనది. పరుగెత్తేటప్పుడు దీనిపై ఒక్కో అడుగుకు శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్ల లాగుడు పడుతుంది.

శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియంలోనో నాగావళి గట్టునో తెల్లవారుజామున పరుగెత్తేవారికి ఈ నొప్పి వచ్చినప్పుడు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. కొందరు నెల రోజులు పరుగు పూర్తిగా మానేసి, తగ్గిందనుకున్నాక ఒక ఆదివారం పాత దూరమంతా పరుగెత్తి, సోమవారం పొద్దున్నకు మళ్లీ మొదటికి వస్తారు. ఇంకొందరు మాత్ర వేసుకుని ఏమీ జరగనట్టే కొనసాగిస్తారు. పోలీసు, ఆర్మీ ఎంపికలకు 1600 మీటర్లు సాధన చేసే కుర్రాళ్లలో ఈ రెండో పద్ధతి ఎక్కువ, ఎందుకంటే ఎంపిక తేదీ వారి చేతిలో ఉండదు. విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుంది గానీ టెండన్‌కు బలం ఇవ్వదు, పైగా ఆ నెలలో పిక్క మరింత నీరసపడుతుంది. మాత్ర నొప్పిని కప్పుతుంది గానీ భారాన్ని తగ్గించదు. అకిలిస్ బాగుపడేది కొలత ప్రకారం, వారాల తరబడి, ఓపికగా మోపిన బరువుతోనే. అందుకు కనీసం మూడు నెలలు పడుతుందని, కొందరికి ఆరు నెలలు దాటుతుందని ముందే మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి.

ముందుగా నొప్పి ఎక్కడుందో తేల్చుకోండి

కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలిపై వేసుకోండి. చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ పట్టీని పట్టుకుని, మడమ ఎముక దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి నొక్కుతూ వెళ్లండి. ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన నొప్పి తగిలి, అక్కడ పట్టీ కాస్త ఉబ్బినట్టుంటే అది మధ్యభాగపు సమస్య. ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉంటే అది అతుకు దగ్గరి సమస్య. రెండో కాలిని కూడా అలాగే నొక్కి పోల్చి చూసుకోండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ తేడాను పట్టించుకోకపోతే మంచి వ్యాయామమే చెరుపు చేస్తుంది. పాదం పైకి వంగినప్పుడల్లా టెండన్ అతుకు భాగం మడమ ఎముకకు ఒత్తుకుంటుంది. కాబట్టి అతుకు దగ్గర నొప్పి ఉన్నవారు గోడకు చేతులానించి పిక్కను సాగదీయడం, మెట్టు అంచు నుంచి మడమను కిందికి దించడం, చాలాసేపు గొంతుక్కూర్చోవడం కొంతకాలం మానాలి. ఉభాల రోజుల్లో పొలం పనిలో, ఇంట్లో కింద కూర్చుని చేసే పనుల్లో ఇది తెలియకుండానే గంటల తరబడి జరుగుతుంది. పరుగు తగ్గించినా నొప్పి తగ్గలేదని చెప్పేవారిని ముందుగా వారి దినచర్య గురించి అడగాలి. చిన్న పీట వేసుకుని కూర్చోవడం, కుదిరినచోట పాశ్చాత్య మరుగుదొడ్డి వాడటం వంటి మార్పులతోనే కొందరికి ఎంతో ఉపశమనం కలుగుతుంది.

నొప్పి మడమ వెనుక కాకుండా అరికాలి వైపు పోటులా ఉంటే అది అరికాలి కింద ఉండే ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ సమస్య, దాని దారి వేరు. రెండు మడమలూ ఒకేసారి నొప్పి పెడుతూ, పొద్దున్నపూట నడుము కూడా అరగంటకు మించి పట్టేసి ఉంటే, లేదా ఒంటిపై సోరియాసిస్ మచ్చలుంటే, అది కీళ్లవాతానికి సంబంధించినది కావచ్చు. అప్పుడు వ్యాయామాలకంటే ముందు రుమటాలజిస్టును కలవండి.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఆలస్యం పనికిరాదు. పరుగెత్తుతుండగా మడమ వెనుక ఫట్‌మని శబ్దం వచ్చి, ఎవరో వెనుక నుంచి తన్నినట్టనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. మంచం మీద బోర్లా పడుకుని పాదాలు అంచు బయటికి వేలాడేలా ఉంచి, ఎవరినైనా మీ పిక్కను చేత్తో పిండమనండి. టెండన్ బాగుంటే పాదం దానంతటదే కిందికి వంగుతుంది. పాదం కదలకపోతే ఆ రోజే శ్రీకాకుళం రిమ్స్‌కో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, దగ్గరలోని ఎముకల వైద్యుడి వద్దకో వెళ్లాలి. నడవగలుగుతున్నాను కదా అని ఇంటి దగ్గర ఆగవద్దు, తెగిన టెండన్‌తో కూడా మనిషి కుంటుతూ నడవగలడు.

నొప్పికి అంకె ఇచ్చి, భారం తగ్గించండి

నొప్పి బొత్తిగా లేకపోవడాన్ని సున్నాగా, భరించలేనంత నొప్పిని పదిగా లెక్కపెట్టుకుని, రోజూ పొద్దున్న మంచం దిగి బాత్రూం దాకా నడిచినప్పుడు ఎంత ఉందో ఒక అంకె వేసుకోండి. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే, తిథి పక్కన ఆ అంకె రాస్తే చాలు, వేరే యాప్ అక్కర్లేదు. నెల తిరిగేసరికి ఏ రోజు ఏం చేసినందుకు మర్నాడు అంకె పెరిగిందో మీకే కనిపిస్తుంది. పరుగులో గానీ వ్యాయామంలో గానీ నొప్పి ఐదు దాటకూడదు, మర్నాటి ఉదయానికి అది మామూలు స్థాయికి రావాలి, వారం వారం పొద్దుటి అంకె పెరుగుతూ పోకూడదు. ఈ మూడూ నిలబడినంతకాలం కొంత నొప్పితో కదలడం వల్ల హాని లేదు. స్వీడన్‌లో కారిన్ సిల్బర్‌నాగెల్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాయామాలు చేస్తూ ఇలాంటి కొలత ప్రకారం పరుగు కొనసాగించినవారు, అవే వ్యాయామాలు చేస్తూ తొలి ఆరు వారాలు పరుగు మానేసినవారిలాగే కోలుకున్నారు. పరుగు మానేస్తే మనసు నిలవని మనలాంటి వారికి ఇంతకంటే ఊరటనిచ్చే సంగతి లేదు.

పరుగులో ముందుగా తీసేయవలసినవి వేగం, ఎత్తు, ఇసుక. దూరం ఆ తరువాతి సంగతి. స్ప్రింట్లు, శాలిహుండం కొండ ఎక్కడం వంటివి పక్కన పెట్టండి. కళింగపట్నం బీచ్‌లో మెత్తని ఇసుక కాలికి హాయిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అడుగు వేసిన ప్రతిసారీ మడమ ఇసుకలోకి దిగబడి టెండన్ మామూలు కంటే ఎక్కువగా సాగుతుంది. అలల అంచున గట్టిగా ఉండే తడి ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. తారు రోడ్డు అంచు కూడా అలాగే వాలి ఉంటుంది. బాగుపడేదాకా స్టేడియం లోపలి చదును నేల మీదే పరుగెత్తండి. నడకలోనే నొప్పి ఐదు దాటుతుంటే మాత్రం పరుగు ఆపి, పాదం మధ్యభాగంతో పెడల్ తొక్కుతూ సైకిల్ మీద దమ్ము నిలుపుకోండి.

పిక్కకు బరువు అలవాటు చేయండి

చికిత్సలో అసలు భాగం ఇదే, చాలామంది మూడో వారంలో వదిలేసేది కూడా ఇదే. ఎందుకు వదలకూడదో చెప్పాలంటే టెండన్ స్వభావం కొంత తెలియాలి. కండరం వారాల్లో మారుతుంది. టెండన్ మాత్రం చాలా నెమ్మదిగా మారుతుంది, దాని నడిమి భాగం మనిషి ఎదుగుదల ముగిశాక దాదాపు కొత్తగా తయారుకాదని డెన్మార్క్ పరిశోధకులు 2013లో చూపారు. కాబట్టి దెబ్బతిన్న పోగులు కొత్తవిగా మారతాయని ఎదురుచూడటం కాదు, చుట్టూ ఉన్న మంచి పోగులు, పైనున్న పిక్క కండరం ఆ భారాన్ని పంచుకునేలా తయారుచేయడమే ఇక్కడ చేసే పని. స్కానింగ్‌లో టెండన్ మందంగా కనిపించినా పరుగు హాయిగా సాగించేవారు ఎందరో ఉండటానికి కారణం అదే.

నొప్పి బాగా ఉన్న తొలి రోజుల్లో కదలిక లేని వ్యాయామంతో మొదలుపెట్టండి. గోడకు వేళ్లు ఆనించి, రెండు కాళ్ల మునివేళ్ల మీద సగం ఎత్తుకు లేచి 45 సెకన్లు అలాగే నిలబడండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి, ఇలా ఐదుసార్లు. కొందరికి దీనితోనే కొన్ని గంటలపాటు నొప్పి తగ్గుతుంది, తగ్గకపోయినా పిక్క పనిలో పడుతుంది.

వారం పది రోజుల్లో అసలు వ్యాయామానికి రండి. నిటారుగా నిలబడి, మనసులో మూడు లెక్కపెడుతూ మునివేళ్ల మీదికి లేవండి, పైన ఒక క్షణం ఆగండి, మళ్లీ మూడు లెక్కపెడుతూ మడమను కిందికి దించండి. ఈ నెమ్మదితనమే వ్యాయామం బలమంతా. గబగబా చేస్తే ఊపు బరువును మోస్తుంది, టెండన్‌కు శిక్షణ దక్కదు. బూట్లు వేసుకునే చేయండి. లేచేటప్పుడు చాలామంది పాదం చిటికెనవేలి వైపు ఒరిగిపోతుంది. బొటనవేలి మొదలు నేలకు అదిమి పట్టి, మడమ నిట్టనిలువుగా పైకి వెళుతోందా లేదా అన్నది వెనుక నుంచి ఇంట్లోవారిని చూడమనండి, లేదా ఫోన్ నేలమీద పెట్టి వీడియో తీసుకుని మీరే చూడండి. అలసట వచ్చే కొద్దీ గోడను చేత్తో నెట్టడం, మోకాలు మడిచి ఎత్తు తగ్గించడం కూడా ఆ వీడియోలోనే బయటపడతాయి. రెండు కాళ్ల మీద 15 సార్లు తేలికగా చేయగలిగాక, నొప్పి ఉన్న ఒంటికాలి మీదికి మారండి.

తరువాత బరువు పెంచాలి. పరుగెత్తేవారిలో చాలామంది బరువులంటే వెనుకాడతారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లోనే కాంస్యం తెచ్చిన జిల్లా మనది, నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ లిఫ్టర్ల ఊరుగా పేరుపడింది. బరువు మీద కొలతతో పనిచేయడం తెలిసిన మనుషులు మన చుట్టూ ఉన్నారు, వారిని సలహా అడగడానికి మొహమాటపడకండి. డెన్మార్క్‌లో 2015లో వెలువడిన ఒక పరిశోధనలో వాడిన క్రమాన్ని కొంచెం సడలించుకుని మీరూ పాటించవచ్చు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయాలి. మొదటి వారం ఒక్కో వరుసకు 15 సార్లు చొప్పున మూడు వరుసలు. రెండు మూడు వారాల్లో 12 సార్లు చొప్పున మూడు వరుసలు. నాలుగు అయిదు వారాల్లో 10 సార్లు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 8 సార్లు, తొమ్మిది నుంచి పన్నెండు వారాల్లో 6 సార్లు, ఈ మూడు దశల్లోనూ నాలుగేసి వరుసలు. సంఖ్య తగ్గిన కొద్దీ బరువు పెరగాలి. వరుసలో చివరి రెండుసార్లు కష్టంగా ఉండి, అయినా పద్ధతి చెడకుండా పూర్తి చేయగలిగితే అదే మీకు తగిన బరువు.

జిమ్‌కు వెళ్లే వీలు లేకపోతే ఇల్లు చాలు. వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం పోసి మూటకట్టి పెట్టుకుని మొదలుపెట్టండి, లీటరు నీళ్ల సీసా ఒక్కొక్కటీ కిలో చొప్పున కలుపుకుంటూ పోవచ్చు. మోకాలు వంచి చేసే వ్యాయామాన్ని మాత్రం వదలకండి. పరుగులో పెద్ద భారం మోసేది పిక్క లోపలి సోలియస్ కండరం, మోకాలు వంచి చేస్తే పని ఎక్కువగా దాని మీదే పడుతుంది. కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి మోకాలికి కాస్త పైన మడిచిన తువ్వాలు వేసి, దాని మీద పావు క్వింటాలు బియ్యం బస్తాను అడ్డంగా పెట్టుకుని, పక్కకు జారకుండా చేతులతో పట్టుకుని, అదే మూడు లెక్కల నెమ్మదితో మడమను ఎత్తి దించండి. నెలసరి బియ్యం 25 కిలోల బస్తాలో తెచ్చుకునే ఏ ఇంట్లోనైనా ఇది కుదిరే పనే.

1998లో స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ ప్రచారంలోకి తెచ్చిన పాత పద్ధతి కూడా మధ్యభాగపు నొప్పికి బాగా పనిచేస్తుంది. మెట్టు అంచున నిలబడి, మంచి కాలితో పైకి లేచి, నొప్పి ఉన్న కాలితో మడమను మెట్టు కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, ఒక్కోదానికి 15 చొప్పున మూడు వరుసలు, ఉదయం సాయంత్రం, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. ఫలితం రెండింటిలోనూ దాదాపు ఒకటే గానీ, ఉద్యోగం, ఇంటి పనుల మధ్య రోజుకు 180 కంటే వారానికి మూడు రోజులే ఎక్కువమంది నిలబెట్టుకోగలరని నా అభిప్రాయం. అతుకు దగ్గర నొప్పి ఉన్నవారు ఏ పద్ధతి చేసినా చదును నేల మీదే చేయాలి, మడమ నేల మట్టం కంటే కిందికి దిగకూడదు.

మడమ కింద కాస్త ఎత్తు పెట్టండి

మడమను ఒక సెంటీమీటరు ఎత్తితే టెండన్‌పై లాగుడు తగ్గుతుంది. చెప్పులు కుట్టేవారి దగ్గర ఎంసీఆర్ రబ్బరు ముక్కను మడమ ఆకారానికి కోయించుకుని రెండు బూట్లలోనూ పెట్టుకోండి. ఒక్కదాంట్లోనే పెడితే నడుముకు ఇబ్బంది. ఇంట్లో గట్టి నేలపై వట్టి కాళ్లతో, అరిగిన హవాయి చెప్పులతో తిరగడం కొన్ని వారాలు తగ్గించండి. మునివేళ్ల మీద దిగుతూ పరుగెత్తే పద్ధతికి మారడానికి ఇది సమయం కాదు, దానివల్ల అకిలిస్‌పై భారం పెరుగుతుంది.

మందుల విషయంలో జాగ్రత్త

వావిలాకు కాపడం పిక్కకు హాయిగా ఉంటుంది, చేసుకోండి. టెండన్ మీదే బలంగా మర్దన చేయించుకోవడం మాత్రం వద్దు, నొప్పి ఉన్న పట్టీని వేళ్లతో నలిపితే అది మరింత రేగుతుంది.

డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఈ సమస్యను నయం చేయవు. అవి వేసుకుని పరుగెత్తితే ఎక్కడ ఆగాలో చెప్పే అంకె కూడా మీ చేతిలో ఉండదు. ఇంకా పెద్ద ప్రమాదం మూత్రపిండాలకు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుదిపేసిందో మనకు తెలుసు. ఈ మాత్రలు, అందులోనూ ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీకి రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఉద్దానంలో నివసించేవారు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారు, బీపీ, షుగర్ ఉన్నవారు వైద్యుడు చూసి రాయకుండా వీటిని ముట్టవద్దని ప్రాధేయపడి చెబుతున్నాను.

చాలామందికి తెలియని మరో సంగతి యాంటీబయోటిక్‌ల గురించి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, విరేచనాలకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆఫ్లాక్సాసిన్ ఒకే జాతికి చెందినవి. ఇవి టెండన్‌ను దెబ్బతీయగలవు, అందులోనూ ఎక్కువగా అకిలిస్‌నే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వీటి మీద తీవ్రస్థాయి హెచ్చరిక తప్పనిసరి చేసింది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు వాడుతున్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇటీవల ఈ మందు వాడాక నొప్పి మొదలై ఉంటే ఆ విషయం వైద్యుడికి తప్పక చెప్పండి. ఇప్పుడు వాడుతూ ఉంటే పరుగు ఆపి, మందు మార్చవచ్చేమో ఆయననే అడగండి. టెండన్‌లోకి స్టెరాయిడ్ సూది వేస్తామంటే ఒప్పుకోవద్దు, కొన్నాళ్లు నొప్పి తగ్గినా పట్టీ తెగే ప్రమాదం పెరుగుతుంది.

నొప్పి ఎంతకీ తగ్గనివారు ఒకసారి షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. రెండూ టెండన్‌ను బలహీనపరిచేవే.

పరుగు తిరిగి పెంచే క్రమం

పొద్దుటి అంకె వారం పాటు రెండు దాటకుండా ఉండాలి. అరగంట చురుకైన నడకకు నొప్పి పెరగకూడదు. ఒంటికాలి మీద 20 సార్లు మడమ ఎత్తగలగాలి, అదే కాలి మీద పదిసార్లు గెంతగలగాలి. ఇవి కుదిరాక ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది విడతలతో మొదలుపెట్టండి. మర్నాటి ఉదయం అంకె పెరగకపోతే తరువాతిసారి పరుగును రెండు నిమిషాలు చేయండి. పెరిగితే వెనుకటి మెట్టు దగ్గరే మరో వారం ఉండండి.

ఈ దశలో రోజు విడిచి రోజే పరుగెత్తండి. గట్టి శ్రమ తరువాత తొలి ఒకటిన్నర రోజు టెండన్‌లో పోగుల అరుగుదలే ఎక్కువ, కొత్త పోగుల తయారీ ఆ తరువాతే పైచేయి అవుతుంది. వరుసగా రెండు రోజులు పరుగెత్తితే ఆ తయారీకి సందు దొరకదు. బరువు వ్యాయామాన్ని పరుగు రోజునే సాయంత్రం పెట్టుకుంటే ఖాళీ రోజు నిజంగా ఖాళీగా ఉంటుంది.

ఒక్కసారికి ఒక్కటే పెంచండి. ముందు నిమిషాలు, తరువాత రోజులు, ఆ తరువాత వేగం, చిట్టచివర కొండ, ఇసుక. విశాఖ నేవీ మారథాన్ దగ్గరపడుతోందని సెప్టెంబరులో హఠాత్తుగా దూరం రెట్టింపు చేసేవారిలోనే ఈ నొప్పి ఎక్కువగా మొదలవుతుంది. మూడు నెలలు క్రమం తప్పకుండా వ్యాయామం చేసినా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టును, ఎముకల వైద్యుడిని కలవండి. షాక్‌వేవ్ చికిత్స (పైనుంచి ధ్వని తరంగాలు పంపడం) వంటి దారులు ఆ దశలో పరిశీలించదగినవి, శస్త్రచికిత్స అన్నిటికంటే చివరిది. పరుగు పూర్తిగా కుదిరిన తరువాత కూడా వారానికి రెండు రోజులు మడమ ఎత్తే వ్యాయామాన్ని బరువుతోనే కొనసాగించండి. పండగలకో పెళ్లిళ్లకో రెండు మూడు వారాలు మానేయవలసి వస్తే, తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత బరువులో సగం నుంచి, పాత దూరంలో సగం నుంచి రండి.